మీ ఇల్లు ఏ వార్డు? మీ గల్లీ వాన నీళ్లది ఏ వార్డు?

ఫోన్ చేతిలోనే ఉంచుకోండి, గూగుల్ మాత్రం తెరవకండి. మూడే ప్రశ్నలు. ఒకటి, మీ ఇల్లు ఏ మున్సిపల్ వార్డులో ఉంది? రెండు, మీ కార్పొరేటర్ పేరేంటి? మూడు, మీ డాబా మీద పడ్డ వాన నీళ్లు చివరికి ఎక్కడికి పోతాయి?

మూడూ చెప్పగలిగితే మీకో దండం. మాలో చాలామందికి ఐపీఎల్ టీమ్‌లో రిజర్వ్ వికెట్ కీపర్ పేరు తెలుసు, అమెరికా ఎన్నికల్లో ఏ రాష్ట్రం ఎటు ఊగుతుందో తెలుసు. మన మోరీ ఎవరి చేతిలో ఉందో తెలియదు. మోరీ పొంగిన రోజు ఫోన్ తీసి ఎక్స్‌లో సీఎంను ట్యాగ్ చేస్తాం. అంటే గల్లీ బగ్‌ను నేరుగా కంపెనీ సీఈవోకి మెయిల్ కొట్టినట్టన్నమాట.

ఈ వారం ముచ్చట ఇదే. పాత బస్తీ భూమి ఎలా ఉంది, దాన్ని ఎవరు నడుపుతున్నారు, ఈ రెండింటికీ ఎక్కడ పొంతన కుదరడం లేదు. కాకపోతే చార్మినార్ నుంచి కాదు, చాలా దూరం నుంచి మొదలుపెడదాం.

వంద మంది లేని ఊరికి మేయర్

బెల్జియం దేశంలో ఉత్తర భాగాన్ని ఫ్లాండర్స్ అంటారు. అక్కడ డచ్ మాట్లాడతారు. అందులో హెర్‌స్టాప్ అనే ఊరుంది. విస్తీర్ణం 1.35 చదరపు కిలోమీటర్లు. జనాభా వంద కూడా లేదు. మన దగ్గర ఒక అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇంతకంటే ఎక్కువ మంది ఉంటారు. అయినా ఆ ఊరు పూర్తి స్థాయి మున్సిపాలిటీ. ఓ మేయర్ ఉంటారు, కౌన్సిల్ ఉంటుంది. అక్కడి చట్టం ప్రకారం అతి చిన్న ఊరికి కూడా ఏడుగురు కౌన్సిలర్లు ఉండాలి. అతి పెద్ద నగరమైన ఆంట్‌వెర్ప్‌కు 55 మంది.

హెర్‌స్టాప్ ఇంత చిన్నగా ఎలా మిగిలింది అనే డౌట్ రావచ్చు. 1977లో బెల్జియం మున్సిపాలిటీలను భారీగా కలిపేసింది. 2,359 ఉన్నవి 596కి దిగాయి. కానీ ఈ ఊరు రెండు భాషల సరిహద్దు మీద ఉంది. డచ్ ప్రాంతంలో ఉన్నా, ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లకు ఆఫీసులో ఫ్రెంచ్‌లో పని చేయించుకునే హక్కుంది. దాన్ని పక్క ఊళ్లో కలిపితే ఆ హక్కు ఏమవుతుందనే పేచీ వస్తుంది. అందుకే దాన్ని అలాగే వదిలేశారు. తెలుగు, ఉర్దూ బోర్డులు పక్కపక్కన చదువుతూ పెరిగిన పాత బస్తీ పిల్లలకు ఈ గొడవ ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ఫ్లాండర్స్ మొత్తం జనాభా 68 లక్షల దాకా ఉంది. 2011 జనాభా లెక్కల్లో జీహెచ్‌ఎంసీ పరిధి జనాభా 67 లక్షల పైచిలుకు. దాదాపు సమానం. ఆ 68 లక్షల మందికి 285 మున్సిపాలిటీలు, 285 మంది మేయర్లు. మన 67 లక్షల మందికి ఒక కార్పొరేషన్, ఒక మేయర్, 150 మంది కార్పొరేటర్లు ఉండేవాళ్లు.

భాగించి చూడండి. అక్కడ సగటున 24 వేల మందికి ఓ మేయర్, ఆయన పక్కన ఓ కౌన్సిల్. ఇక్కడ 150 వార్డుల కాలంలో సగటున 45 వేల మందికి ఒక్క కార్పొరేటర్ ఉండేవారు. ఆ కార్పొరేటర్ చేతిలో సంతకం పెట్టే అధికారం పెద్దగా ఉండదు. అది కమిషనర్ దగ్గర ఉంటుంది. కమిషనర్ ఐఏఎస్ అధికారి, ఆయన్ని నియమించేది రాష్ట్ర ప్రభుత్వం.

నిజమే, అక్కడ జాగా ఎక్కువ. ఫ్లాండర్స్ 13 వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది, పాత జీహెచ్‌ఎంసీ 650 చదరపు కిలోమీటర్లు. 2011లో హైదరాబాద్ జిల్లా జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 18 వేలు. కానీ జనం ఒత్తుగా ఉన్న చోట చెత్త, మోరీ, వీధి దీపం గొడవలు తక్కువా ఎక్కువా? ఎక్కువే కదా. మరి వినేవాళ్లు మాత్రం ఎందుకు తక్కువ?

పేర్లలోనే మ్యాప్ ఉంది

ఇక ఇంటికి వద్దాం. పాత బస్తీ మూసీకి దక్షిణ ఒడ్డున ఉంది. మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, పడమటి నుంచి తూర్పుకు నగరాన్ని దాటి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1578లో పురానాపూల్ కట్టారు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా నది దక్షిణాన కొత్త నగరం వేశాడు. మధ్యలో చార్మినార్, నాలుగు దిక్కులకు నాలుగు రోడ్లు, వాటి మధ్య నాలుగు భాగాలు. మన ఊరి మొదటి వార్డుల మ్యాప్ అదే అనుకోవచ్చు.

చార్మినార్ నుంచి ఉత్తరానికి నడిస్తే పత్తర్‌గట్టి, మదీనా దాటి నయాపూల్ దగ్గరికి దిగుతాం. నది అక్కడుంది కాబట్టి నేల అటే వాలుతుంది. దక్షిణానికి నడిస్తే షాలిబండ, అలియాబాద్ మీదుగా ఫలక్‌నుమా గుట్ట ఎక్కుతాం. ఇంకా దక్షిణాన పహాడీ షరీఫ్, బాలాపూర్ వైపు నేల మరింత ఎత్తు. మొత్తం మీద నీళ్లు దక్షిణం నుంచి ఉత్తరానికి, మూసీ వైపు రావాలి. దారిలో వాటిని ఆపి, నింపుకొని, నెమ్మదిగా వదలడానికి చెరువులు, కుంటలు ఉండేవి. వాటిలో పెద్దది మీరాలం చెరువు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో దివాన్ మీర్ ఆలం పేరుతో కట్టింది. దాని కట్ట తిన్నగా ఉండదు, కమానులు వరుసగా పేర్చినట్టు ఉంటుంది. ఇంజినీరింగ్ చదివినవాళ్లు ఒక్కసారైనా వెళ్లి చూడాల్సిన కట్ట అది. ఉస్మాన్ సాగర్ రాకముందు నగరం తాగిన నీళ్లు ఇవే.

ఇప్పుడు కార్పొరేషన్ వార్డుల పేర్లు చదవండి. తలాబ్ చంచలం. తలాబ్ అంటే చెరువు. నవాబ్ సాహెబ్ కుంట. కుంట అంటే మనకు తెలుసు. దూద్ బౌలీ. బౌలీ అంటే బావి. లలితా బాగ్, కిషన్ బాగ్. బాగ్ అంటే తోట. ఇక వార్డు కాకపోయినా అందరికీ తెలిసిన పేరు తలాబ్ కట్ట, అంటే చెరువు కట్ట. ఇంకో పక్క చాంద్రాయణగుట్ట, పేరులోనే గుట్ట. పెద్దవాళ్లు మనకు భూగోళం పాఠం రాసి పెట్టి పోయారు. గుట్ట అన్న చోట నీళ్లు నిలవవు, కుంట అన్న చోట నిలుస్తాయి. కుంటలో ఇల్లు కట్టుకుని, వానాకాలంలో ఇంట్లోకి కుంట వచ్చిందని మనం ఆశ్చర్యపోతాం. కుంట ఎక్కడికీ రాలేదు. అది మొదటి నుంచీ అక్కడే ఉంది, మధ్యలో మనమే వచ్చాం.

అలాగని ఆ ఇళ్లవాళ్లను తిట్టి లాభం లేదు. చవగ్గా దొరికిన జాగా అదే. ప్లాటు అమ్మినవాడు పోయాడు, రోడ్డు వేసినవాళ్లు వేశారు, కరెంటు మీటర్ ఇచ్చినవాళ్లు ఇచ్చారు, ఇంటి పన్ను వసూలు చేసినవాళ్లు చేశారు. ఇంతమంది అవునన్నాక, కూలి డబ్బులు కూడబెట్టి రెండు గదులు వేసుకున్న మనిషికి మాత్రమే తప్పంతా అంటగట్టడం న్యాయం కాదు.

1908 నేర్పిన పాఠం

1908 సెప్టెంబర్ 28. మూసీ వరద నగరాన్ని ముంచేసింది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఇప్పటికీ ఉన్న చింత చెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన నగరంతో మొదలుపెట్టలేదు. నగరానికి ఎగువన చూశారు. మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే వాటిలో 221 తెగాయని లెక్క తేల్చారు. ఒక చెరువు తెగితే ఆ నీళ్లు కింది చెరువు మీద పడతాయి, అదీ తెగుతుంది. ఇలా వరసగా తెగుకుంటూ నగరం మీదికి వచ్చాయన్నమాట.

అందుకే ఆయన చెప్పిన మందు కూడా నగరం బయటే ఉంది. ఎగువన రెండు జలాశయాలు. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. మనం వీకెండ్‌కి గండిపేట వెళ్లి సెల్ఫీ దిగేది ఆ వరద కట్ట మీదే. నగరం లోపల పని చూడటానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు.

గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. మురికివాడ బాగు చేయాలంటే గల్లీ దాకా దిగాలి. వరద ఆపాలంటే ఊరు దాటి పైకి వెళ్లాలి. ఒకే సైజు ప్రభుత్వం ఈ రెండు పనులూ చేయలేదు.

నిజానికి గల్లీ స్థాయి ప్రయత్నం అంతకు ముందే మొదలైంది. 1869లో మొదటి సాలార్ జంగ్ హయాంలో నగరానికి మున్సిపల్ పాలన వచ్చింది. గోడ లోపలి నగరాన్ని నాలుగు డివిజన్లుగా, నది అవతలి చాదర్‌ఘాట్ ప్రాంతాన్ని ఐదుగా విడగొట్టారు. తర్వాత చాదర్‌ఘాట్ వేరే మున్సిపాలిటీ అయ్యింది. 1933లో రెండూ కలిసి హైదరాబాద్ కార్పొరేషన్ అయ్యాయి. 1942లో ఆ హోదా పోయింది, 1950లో మళ్లీ వచ్చింది. 1960లో సికింద్రాబాద్ కలిసింది. 2007 ఏప్రిల్ 16న చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిసి జీహెచ్‌ఎంసీ పుట్టింది. విడదీయడం, కలపడం, మళ్లీ విడదీయడం మనకు కొత్త కాదు. పాత నగరం చుట్టూ ఉన్న గోడ మాత్రం పోయింది. దర్వాజాల్లో దబీర్‌పురా, పురానాపూల్ రెండే నిలబడ్డాయి. లాల్ దర్వాజా, ఫతే దర్వాజా పేర్లుగా మిగిలాయి.

ఒక ఇల్లు, ఎనిమిది అడ్రసులు

గౌలిపురాలోనో, యాకుత్‌పురాలోనో మీ ఇల్లు అనుకోండి. ఆ ఒక్క ఇంటికి మున్సిపల్ వార్డు ఒకటి. వార్డు పైన సర్కిల్, అక్కడ డిప్యూటీ కమిషనర్. సర్కిల్ పైన జోన్, అక్కడ జోనల్ కమిషనర్. 150 వార్డుల కాలంలో చార్మినార్ జోన్‌లో మలక్‌పేట, సంతోష్‌నగర్, చాంద్రాయణగుట్ట, చార్మినార్, ఫలక్‌నుమా, రాజేంద్రనగర్ అని ఆరు సర్కిళ్లుండేవి. ఇక రేషన్ కార్డుకు, ఆదాయ సర్టిఫికెట్‌కు మండలం వేరు. ఎమ్మెల్యే నియోజకవర్గం వేరు. పోలీస్ స్టేషన్ హద్దు వేరు. కరెంటు సెక్షన్ వేరు. జలమండలి డివిజన్ వేరు. ఏ గీతా ఇంకో గీత మీద కూర్చోదు. ఎనిమిది డేటాబేసులు, వాటిని కలిపే కీ ఒక్కటీ లేదు. మా ఫీల్డ్‌లో ఇలాంటి సిస్టమ్ డిజైన్ చేస్తే మొదటి రివ్యూలోనే ఇంటికి పంపిస్తారు.

దీని వల్ల ఏమవుతుంది? వాన పడింది, మీ గల్లీలో నీళ్లు పొంగాయి. అవి మ్యాన్‌హోల్ నుంచి వచ్చిన మురుగైతే జలమండలి పని. ఆ సంస్థ 1989లో ఏర్పడింది, కార్పొరేషన్ కింద లేదు. వాన నీటి నాలా పొంగితే జీహెచ్‌ఎంసీ పని. రెండూ కలిసి మోకాలి లోతు వచ్చినప్పుడు ఏ నీళ్లు ఎవరివో మీరే తేల్చుకోవాలి. వీధి దీపం వెలగకపోతే జీహెచ్‌ఎంసీ, ఇంట్లో కరెంటు పోతే విద్యుత్ సంస్థ. చార్మినార్ కట్టడం కేంద్ర పురావస్తు శాఖది, దాని చుట్టూ ఊడ్చేది కార్పొరేషన్, అక్కడ ట్రాఫిక్ ఆపేది పోలీసులు. పాత బస్తీ అభివృద్ధి కోసమే 1981లో కులీ కుతుబ్‌షా పట్టణాభివృద్ధి సంస్థ అని ఇంకోటి పెట్టారు. మీలో ఎంతమంది ఆ పేరు విన్నారు?

పనికొచ్చే ముక్క ఒకటి, సేవ్ చేసుకోండి. మురుగు, తాగునీరు అయితే జలమండలి 155313. చెత్త, నాలా, రోడ్డు గుంత, వీధి దీపం అయితే జీహెచ్‌ఎంసీ 040-21111111. కరెంటు అయితే 1912. ఫిర్యాదు చేసినప్పుడు నంబర్ ఇస్తారు, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. నంబర్ లేని ఫిర్యాదు గాలిలో మాటే.

వార్డు దాటి వచ్చిన నీళ్లు

2020 అక్టోబర్ 13 రాత్రి ఈ నగరంలో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. పల్లె చెరువు తెగి అల్ జుబైల్ కాలనీ, దాని చుట్టుపక్కల బస్తీలు మునిగాయి. గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు తెగి బెంగళూరు హైవే కొట్టుకుపోయింది. బండ్లగూడలో గోడ కూలి ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. నాలుగు రోజులకే, 17వ తేదీ రాత్రి, బాలాపూర్ వైపున్న గుర్రం చెరువు తెగి నీళ్లు హఫీజ్ బాబా నగర్ మీద పడ్డాయి. అప్పుడే ఇల్లు కడుక్కుని మంచాలు ఎండబెట్టుకున్నవాళ్లు మళ్లీ డాబాలెక్కారు.

ఇక్కడ ఒక చిన్న వివరం ఉంది. వార్తల్లో పెద్దగా కనపడలేదు. బాలాపూర్ అప్పుడు జీహెచ్‌ఎంసీలో లేదు, బడంగ్‌పేట కార్పొరేషన్ కింద ఉండేది. అంటే పై ఊళ్లో పడిన వాన, కింది ఊళ్లో ఇళ్లు ముంచింది. మునిగిన బస్తీ కార్పొరేటర్‌కు పై ఊరి మీద మాట చెల్లదు. పై ఊరి పాలకులకు కింది బస్తీ ఓటు అక్కర్లేదు. విశ్వేశ్వరయ్య 1909లో చూసిన విషయం మళ్లీ మన కళ్ల ముందుకొచ్చింది. నీళ్లకు వార్డు గీత కనపడదు.

ఆ వరదకు ఏడు వారాలు కూడా నిండకముందే, 2020 డిసెంబర్ 1న, జీహెచ్‌ఎంసీ ఎన్నికలు జరిగాయి. వరద సాయం కింద కుటుంబానికి 10 వేల రూపాయల పంపిణీ సగంలో ఉండగా కోడ్ వచ్చి ఆగిపోయింది. జాతీయ నాయకులు వచ్చారు, రోడ్ షోలు జరిగాయి, టీవీలు హోరెత్తాయి. గుర్రం చెరువు తూము గురించి మీకు ఏ ప్రసంగమైనా గుర్తుందా? చివరికి పోలింగ్ 46.55 శాతం. సగం నగరం బూత్ వైపు చూడలేదు.

పాత మలక్‌పేట వార్డులో మరో చిత్రం జరిగింది. బ్యాలెట్ పేపర్ మీద సీపీఐ గుర్తుకు బదులు సీపీఎం గుర్తు పడింది. పోలింగ్ ఆపేసి డిసెంబర్ 3న మళ్లీ పెట్టారు. ఒక చిన్న పార్టీ గుర్తు తప్పుపడిందని వార్డు మొత్తానికి ఎన్నిక మళ్లీ జరిపారు. రూల్ అంటే అంతే, అలాగే ఉండాలి. ఓటును అంత సీరియస్‌గా తీసుకునే వ్యవస్థ ఉన్నప్పుడు, మనం దాన్ని లైట్ తీసుకుంటున్నాం.

ఫ్లాండర్స్ వాళ్లు మనకంటే బుద్ధిమంతులా? అదీ పరీక్షైంది. బెల్జియంలో ఓటింగ్‌కు రావడం చట్టం ప్రకారం తప్పనిసరి. 2018 దాకా అక్కడ స్థానిక ఎన్నికల్లో 90 శాతం పైనే వచ్చేవాళ్లు. తర్వాత ఫ్లాండర్స్ ప్రభుత్వం స్థానిక ఎన్నికలకు ఆ నిబంధన తీసేసింది. 2024 అక్టోబర్ 13న జరిగిన ఎన్నికల్లో 63 శాతం దగ్గరికి పడిపోయింది. అంటే చట్టం భయం పోతే అక్కడా ప్రతి పది మందిలో ముగ్గురికి పైగా ఇంట్లోనే ఉండిపోయారు. అయినా 63 మనకంటే చాలా ఎక్కువే. నాకు తోచిన కారణం ఒకటే. 24 వేల మంది ఊళ్లో మేయర్ మార్కెట్‌లో ఎదురుపడతాడు. పని జరగకపోతే ఎవరిని అడగాలో తెలుసు. ఎవరిని అడగాలో తెలిసిన చోట ఓటుకు అర్థం ఉంటుంది.

గీతలు మళ్లీ మారాయి

2025 డిసెంబర్‌లో ప్రభుత్వం చుట్టుపక్కల 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్‌ఎంసీలో కలిపింది. విస్తీర్ణం 2,000 చదరపు కిలోమీటర్లు దాటింది. 150 వార్డులు 300 అయ్యాయి. బడంగ్‌పేట కూడా కలిసింది. అంటే గుర్రం చెరువు పైభాగం, కింది బస్తీలు ఒకే గూటికి వచ్చాయి. నీళ్ల లెక్క చూస్తే ఇది మంచిదే. 2020లో దొరకని సమాధానం ఇప్పుడు ఒకే ఆఫీసును అడగొచ్చు.

రెండో వైపు కూడా చూడాలి. ఫ్లాండర్స్‌లోనూ కలపడాలు జరుగుతున్నాయి. అక్కడ 2018లో 308 మున్సిపాలిటీలుంటే 2019లో 300 అయ్యాయి, 2025 జనవరి 1కి 285. అయితే ఇటీవలి ఈ విలీనాలు ఆయా ఊళ్ల కౌన్సిళ్లు కూర్చుని, వాదించుకుని, ఒప్పుకున్నాక జరిగినవి. కలిస్తే మీ అప్పులో కొంత మేం తీరుస్తామని పై ప్రభుత్వం ఆశ చూపింది, కానీ అవునా కాదా అన్నది ఊరి కౌన్సిల్ చెప్పింది. మన దగ్గర నిర్ణయం పై నుంచి వచ్చింది. కింద మనకు దొరికింది అభ్యంతరాలు చెప్పుకోవడానికి కొన్ని రోజుల గడువు. ఆ గడువు ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోయిందో మీ ఇంట్లో ఎంతమందికి తెలుసు?

ఇంకో భయం కూడా ఉంది. ఈ నగరానికి కౌన్సిల్ లేకుండా బతకడం అలవాటే. 1986లో కార్పొరేషన్ ఎన్నికలు జరిగాక, మళ్లీ జరిగింది 2002లోనే. మధ్యలో ఐదేళ్ల గడువు తీరిపోయినా అధికారులే నడిపారు. ఆ మధ్యలోనే 74వ రాజ్యాంగ సవరణ వచ్చి, 1993 జూన్ 1 నుంచి అమలైంది. ఐదేళ్లకోసారి ఎన్నికలు జరపాలని, మూడు లక్షలు దాటిన నగరాల్లో వార్డు కమిటీలుండాలని అందులో రాశారు. రాసి ఉన్నా మన ఎన్నిక తొమ్మిదేళ్లు ఆగింది. 2021 ఫిబ్రవరి 11న కొలువుదీరిన కౌన్సిల్ ఐదేళ్ల గడువు 2026 ఫిబ్రవరితో సరి. గడువు అయిపోయిన తర్వాత కొత్త కౌన్సిల్ ఎప్పుడు వస్తుందని అడిగేవాళ్లు లేకపోతే, పాత కథ మళ్లీ మొదలవడానికి ఎక్కువ టైమ్ పట్టదు.

పెద్దది కావాలి, చిన్నదీ కావాలి

అందుకే నా మాట ఇది. హెర్‌స్టాప్‌లా గల్లీకో మున్సిపాలిటీ పెట్టమని అనడం లేదు. వంద మంది ఊరు సొంతంగా చెరువు తూము కట్టలేదు, ఫైరింజన్ కొనలేదు. నాలా, చెరువు, వరద కాలువ, మెట్రో లాంటివి పెద్ద చేతుల్లోనే ఉండాలి. 2017 నవంబర్‌లో నగరంలో మెట్రో మొదలైతే, ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా 5.5 కిలోమీటర్ల లైన్‌కు శంకుస్థాపన 2024 మార్చి 8న జరిగింది. అలాంటి జాప్యం మీద కొట్లాడాలన్నా పెద్ద గొంతే కావాలి.

కానీ కచ్రా బండి ఏ టైమ్‌కు రావాలి, ఏ మ్యాన్‌హోల్ మూత విరిగింది, ఏ దీపం కింద ఆడపిల్లలు నడవడానికి భయపడుతున్నారు, ఈ విషయాలు జోనల్ కమిషనర్‌కు తెలియాల్సిన పని లేదు. ఇవి ఆ గల్లీ వాళ్లకు తెలుసు. వాళ్లు నెలకోసారి కూర్చుని, రాసి, ఇంత డబ్బు ఇక్కడ ఖర్చు పెట్టండి అని చెప్పే చోటు కావాలి. వార్డు కమిటీ అంటే అదే. 2023 జూన్‌లో 150 వార్డుల్లోనూ వార్డు ఆఫీసులు తెరిచారు. ఆలోచన సరైనదే. ఆఫీసు ఉంటే చాలదు, అందులో అడిగే హక్కున్న మనుషులుండాలి. సీట్లలో సగం ఆడవాళ్లకు రిజర్వ్ చేశారు. గెలిచిన చోట పెత్తనం వాళ్లింటి మగవాళ్లది కాకుండా చూడాల్సింది కూడా ఆ గల్లీవాళ్లే.

మీరు చేయగలిగింది పెద్దగా ఏం లేదు, ఒక ఆదివారం పొద్దున అరగంట. మొదట, కొత్త 300 వార్డుల జాబితాలో మీ ఇల్లు ఏ వార్డులోకి వచ్చిందో చూసుకోండి. పాత నంబర్ మర్చిపోండి. తర్వాత ఓటరు జాబితాలో మీ పేరు ఆ వార్డులోనే ఉందో లేదో చూడండి. అద్దె ఇల్లు మారి మూడేళ్లయినా ఓటు పాత చోటే ఉన్నవాళ్లు మనలో బోలెడు మంది. ఆ తర్వాత మ్యాప్ తెరిచి, శాటిలైట్ వ్యూ పెట్టి, మీ ఇంటి నుంచి మూసీ దాకా వేలితో గీత గీయండి. మధ్యలో ఏ నాలా ఉంది, ఏ కుంట ఉండేది, ఇప్పుడు దాని మీద ఏముంది చూడండి. తెలియకపోతే మీ నానమ్మను అడగండి. ఆమెకు గూగుల్ కంటే బాగా తెలుసు. అక్కడ బట్టలు ఉతికిన మనిషి ఆమె.

అప్పుడు మీ దగ్గర ఒక మంచి ప్రశ్న తయారవుతుంది. ఓటు అడగడానికి వచ్చే అన్నను, అక్కను అదే అడగండి. "రోడ్డు వేస్తారా" అని కాదు. దానికి అందరూ వేస్తామనే అంటారు. "పై నుంచి వచ్చే నీళ్లు మన గల్లీలోకి రాకముందే ఎక్కడ ఆపుతారు, ఆ చోటు పేరేంటి?" అని అడగండి. చోటు పేరు చెప్పగలిగిన మనిషి కనీసం ఒకసారి అటు నడిచి చూసినట్టు. చెప్పలేకపోతే, మీరు ఫోన్‌లో గీసిన గీత చూపించండి.

వానాకాలం ఏటా జూన్‌లో వస్తుంది. ఎన్నికలు ఎప్పుడొస్తాయో తెలియదు. ప్రశ్న మాత్రం ముందే రాసి పెట్టుకోవచ్చు.